కూర్చున్న హుక్కా, నడుమున వేలాడిన కిసెరు

దక్కన్‌కూ జపానుకూ పొగాకును తెచ్చింది పోర్చుగీసు ఓడలే. పదహారో శతాబ్దం చివరి నుంచి ఆ ఓడలు అమెరికా ఖండపు ఈ ఆకును ఇటు మన పశ్చిమతీరపు రేవుల్లోనూ అటు జపాను రేవుల్లోనూ దించాయి. 1601లో జెరోనిమో అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి జపాను పాలకుడు తొకుగావా ఇయెయాసుకు పొగాకు లేపనాన్ని, విత్తనాలను కానుకగా ఇచ్చినట్టు జపాను చరిత్ర చెబుతుంది. ఆ తర్వాత మూడు నాలుగేళ్లకు అక్బరు దూత అసద్ బేగ్ బీజాపూరులో ఈ ఆకును చూసి, ముచ్చటపడి ఆగ్రాకు తీసుకుపోయాడు.

ఆకు ఒకటే అయినా దాని చుట్టూ పెరిగిన పనితనం రెండుచోట్లా వేర్వేరు దారులు పట్టింది. దక్కన్‌లో వెండి పొదిగిన నల్లని బిద్రీ హుక్కాలు పుట్టాయి. జపానులో చేతిలో ఇమిడే లోహపు గొట్టాలు, నడుముకు కట్టుకునే తోలు సంచులు, బొటనవేలంత దంతపు బొమ్మలు పుట్టాయి. ఈ తేడాకు అసలు కారణం అభిరుచిలో కంటే అలవాటులో కనిపిస్తుంది. దక్కను దర్బారుల్లో పొగ తాగడమంటే ఒకచోట స్థిరంగా కూర్చుని చేసే పని. జపానులో అది వెంట తీసుకుపోయే పని. వస్తువుల ఆకారం, బరువు, అలంకారం అన్నీ ఈ ఒక్క సంగతిని బట్టే నిర్ణయమయ్యాయి.

అసద్ బేగ్ అక్బరు ముందు పెట్టిన గొట్టం మూడు మూరల పొడవు ఉండేది. దాని రెండు చివర్లా రత్నాలు, మీనాపని ఉన్నాయి. నోట పెట్టుకునే ముక్కను యెమెన్ అకీకు రాయితో చేశారు. ఆకు కొత్తదే, కానీ దాన్ని తాగే పరికరం అప్పటికే ఆభరణమైపోయిందన్నమాట. వైద్యులు వాదులాడుకున్నారు, అక్బరు ఒకటి రెండు దమ్ములతో ఆపేశాడు, ఉమరాలు మాత్రం ఆపలేదు. 1617లో జహంగీరు పొగతాగడాన్ని నిషేధించాడు. జపానులో షోగను, అంటే సైనిక పాలకుడి ప్రభుత్వం 1612లోనూ, ఆ తర్వాత పలుమార్లూ నిషేధించింది. రెండుచోట్లా ఆ ఉత్తర్వులు కాగితం దాటలేదు.

హుక్కాకు అడుగున నీళ్లుండే కుండ ఉంటుంది. పైన చిలుము. అందులో బెల్లపు పాకంతో పిసికిన పొగాకు, అంటే గుడాకు వేసి, మీద నిప్పులు పెడతారు. నిప్పురవ్వలు తివాచీ మీద పడకుండా ఒక చిల్లుల మూత. పొగ నీళ్లలోంచి గుడగుడలాడుతూ వచ్చి, పాములా చుట్టలు తిరిగిన గొట్టం గుండా నోటికి చేరుతుంది. నీళ్లు పొగను చల్లబరుస్తాయే కానీ దాని హానిని కడిగెయ్యవు. ఆ నమ్మకం మాత్రం నాలుగు వందల ఏళ్లుగా పోవడం లేదు.

పనివాళ్ల కళంతా ఈ కుండ మీదే. పదిహేడో శతాబ్దపు కుండలు బంతిలా గుండ్రంగా ఉండేవి. నిలబెట్టడానికి విడిగా ఒక చుట్టుకుదురు కావలసి వచ్చేది. పద్దెనిమిదో శతాబ్దానికి అడుగు వెడల్పై, పైకి పోతూ సన్నబడే గంట ఆకారం వచ్చింది. ఇది తనంతట తాను నిలుస్తుంది, పొడవాటి గొట్టాన్ని అటూ ఇటూ లాగినా ఒరిగిపోదు. మామిడికాయ ఆకారంలో, టెంకాయ ఆకారంలో చేసినవీ ఉన్నాయి. అసలు టెంకాయ చిప్పతోనే చేసిన హుక్కాలు సామాన్యులవి.

బిద్రీ పనికి ఊపిరి బీదరు. బహమనీ సుల్తాను అహ్మద్ షా పదిహేనో శతాబ్దంలో రాజధానిని గుల్బర్గా నుంచి అక్కడికి మార్చాడు. ఈ పని ఇరాను నుంచి వచ్చిన కళాకారుల వెంట వచ్చిందని బీదరు వాళ్లు చెప్పుకుంటారు. నేడు మిగిలి ఉన్న పాత వస్తువులు మాత్రం పదిహేడో శతాబ్దానివి. ఇప్పుడు కర్ణాటకలో ఉన్నా, 1956 వరకు బీదరు హైదరాబాదు రాజ్యంలోని జిల్లా. ఆ పనికి పోషకులూ కొనుగోలుదార్లూ హైదరాబాదు దేవిడీల్లోనే ఉండేవారు.

బిద్రీ లోహంలో ఎక్కువ భాగం తుత్తునాగం. పదహారు పాళ్లకు ఒక పాలు రాగి కలపడం వాడుక. ఇసుక, ఆముదం, గుగ్గిలం కలిపిన మన్నుతో అచ్చు చేసి, కరిగిన లోహాన్ని పోస్తారు. బయటికి వచ్చిన వస్తువు బూడిదరంగులో, గరుకుగా, చూడ్డానికి ఏమంత అందం లేకుండా ఉంటుంది. దాన్ని ఆకురాయితో రాసి నునుపు చేశాక మైలతుత్తం నీళ్లు పూస్తారు. ఉపరితలం తాత్కాలికంగా నల్లబడుతుంది. ఆ నలుపు మీద పనివాడు ఇనుప మొనతో, ఏ కొలతబద్దా లేకుండా చేతితోనే బొమ్మ గీస్తాడు. గీత తెల్లగా కనిపిస్తుంది. తర్వాత సన్నని ఉలితో ఆ గీత వెంట గాడి తవ్వుతాడు.

గాడిలో వెండి తీగ పెట్టి చిన్న సుత్తితో కొడితే తర్కషీ పని. ఆకు, రేకు ఆకారాల్లో గుంట తవ్వి, సరిగ్గా అంతే కోసిన వెండి రేకును దిగగొడితే తైనిషాన్. రేకును ఉపరితలం కంటే ఎత్తుగా ఉబికేలా అమర్చేది జర్నిషాన్. వెండి రేకులోనే పువ్వులను కత్తిరించి తీసేసి, ఆ రేకును కుండ మీద పరిస్తే వెండి నేల మీద నల్లని పువ్వులు కనిపిస్తాయి. దాన్ని ఆఫ్తాబీ అంటారు. ఎక్కడా జిగురు లేదు, టంకం లేదు. గాడి అంచులే వెండిని పట్టి ఉంచుతాయి. కొన్ని పాత కుండల మీద వెండితో పాటు ఇత్తడి కూడా పొదిగారు. అప్పుడు ఒకే తీగ మీద తెల్ల పూలూ పచ్చ పూలూ పూస్తాయి.

ఆఖరి మెట్టు అసలైన విద్య. వస్తువును రాసి మెరుగుపెట్టాక వెండీ లోహమూ దాదాపు ఒకే రంగులో కలిసిపోయి, అంత కష్టపడి చేసిన బొమ్మ కనబడకుండా పోతుంది. అప్పుడు బీదరు కోటలో ఎండావానా తగలని పాత గోడల మరుగు నుంచి తెచ్చిన మట్టిని నవాసారంతో నీళ్లలో కలిపి, కొద్దిగా వేడిచేసిన వస్తువుకు పట్టిస్తారు. ఆ మట్టిలో సూరేకారపు అంశం ఉంటుంది. పనివాళ్లు మట్టిని నాలుక మీద వేసుకుని రుచి చూసి ఎంచుతారు. మట్టి తాకిన లోహం గాఢమైన నలుపుకు తిరుగుతుంది. వెండిని అదేమీ చెయ్యదు. కడిగి నూనె రాస్తే నల్లని నేల మీద తెల్లని తీగ మెరుస్తుంది. ఉత్త తుత్తునాగానికి ఈ నలుపు ఎక్కదు. కలిపిన ఆ కొంచెం రాగిదే ఇందులో కీలకమైన పాత్ర.

బొమ్మల్లో గసగసాల మొక్క ఎక్కువ. వరుసగా నిలబడి తలలు వంచిన గసగసాల పూలు పాత హుక్కా కుండల మీద తరచుగా కనిపిస్తాయి. అష్రఫీ బూటీ అనే నాణేల వంటి పూలు, ద్రాక్ష తీగలు కూడా ఉన్నాయి. గంట ఆకారపు కుండ మీద ఈ పని చెయ్యడం పళ్లెం మీద చేసినంత తేలిక కాదు. కింద వెడల్పు, పైన సన్నం కాబట్టి పైకి పోతున్నకొద్దీ పూలను చిన్నవి చేస్తూ పోవాలి. ఈ లెక్క తప్పిన కుండలు పాతవాటిలోనూ ఉన్నాయి. అన్ని పాతవీ గొప్పవే అనుకోనక్కర్లేదు.

ఇంత బరువైన సరంజామాకు ఒక మనిషి కావాలి. హుక్కాబర్దారు నీళ్లు మార్చేవాడు, నిప్పు చూసేవాడు, దొరతో పాటు ఊళ్లూ తిరిగేవాడు. పద్దెనిమిదో శతాబ్దంలో కంపెనీ దొరలూ ఈ అలవాటు పట్టారు, హుక్కాలతో పాటు హుక్కాబర్దార్లనూ పెట్టుకున్నారు. 1851 లండను మహా ప్రదర్శనలో బిద్రీ వస్తువులు ఉన్నాయి. అందుకే నేడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ మంచి బిద్రీ కుండలు కనిపిస్తాయి. హైదరాబాదులో వాటిని చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియమే గమ్యం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరణలతో 1951 డిసెంబరు 16న తెరిచిన ఆ మ్యూజియంలో బిద్రీ పనికీ, జపాను కళకూ రెండింటికీ చోటుంది. ఒకే పూట రెండూ చూసి పోల్చుకునే అవకాశం తెలుగువాళ్లకు ఇంటిదగ్గరే ఉంది.

తెలుగు పల్లెల్లో సామాన్యుడి పొగ హుక్కా కాదు, చుట్ట. గోదావరి లంకల్లో పండిన ఆకును చుడితే చుట్ట. దానికి కుండా గొట్టమూ అక్కర్లేదు. కావలసిందల్లా నిప్పు. చెకుముకి రాయి, ఇనుప ముక్క, దూది ఉన్న చిన్న తిత్తిని రైతులు రొండిన దోపుకునేవారు. చుట్టకు చోటు చెవి మీదో, తలపాగాలోనో. కన్యాశుల్కంలో గిరీశం చుట్టను సమర్థిస్తూ ఎంత మాట్లాడినా, దానికో అందమైన పెట్టె అవసరమని మాత్రం అనుకోలేదు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకునే అడ్డపొగ అలవాటు ఆడవాళ్లలో ఎక్కువ. దానివల్ల అంగిలికి వచ్చే మచ్చలు, పుండ్లపై ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి చేసిన అధ్యయనం 1971లో వెలువడి వైద్యలోకంలో పేరుపొందింది. చుట్ట చుట్టూ పనితనం పెరగలేదు. రొండిన దోపుకునే అవసరం మాత్రం తెలుగు రైతుకూ జపాను మనిషికీ ఒకటే. జపాను మనిషి ఆ అవసరం నుంచి ఒక కళనే పుట్టించాడు.

జపాను దుస్తుల్లో జేబులు లేవు. కిమోనోను నడుము దగ్గర ఓబి అనే పట్టీ బిగించి పట్టుకుంటుంది. పొగాకు సంచి తాడును ఆ పట్టీ కిందనుంచి పైకి తీసి, జారిపోకుండా కొసన ఒక బొత్తాము వంటిది కట్టేవారు. అదే నెత్సుకే. తాడు మధ్యలో పూస ఒకటి, ఓజిమే. దాన్ని కిందికి జరిపితే సంచి మూసుకుంటుంది, పైకి జరిపితే తెరుచుకుంటుంది. సంచి పక్కనే గొట్టం పెట్టుకునే ఒర. నడుమున వేలాడే ఈ జత మొత్తాన్నీ కలిపి ఒకే సెట్టుగా చేయించుకునేవారు, ఒక్కో భాగం ఒక్కో పనివాడి చేతిలో తయారయ్యేది.

గొట్టం పేరు కిసెరు. కొసన చిన్న లోహపు గిన్నె, దాని వెంట బాతు మెడలా వంగిన లోహపు ముక్క, మధ్యలో వెదురు బొంగు, నోటి దగ్గర మళ్లీ లోహం. మొత్తం లోహంతోనే చేసినవీ ఉన్నాయి. గిన్నె ఎంత చిన్నదంటే అందులో పట్టేది శనగగింజంత పొగాకే. జపాను పనివాళ్లు ఆకును వెంట్రుకంత సన్నగా తరిగేవారు. ఆ తరుగును వేళ్లతో ఉండచేసి గిన్నెలో పెడితే రెండు మూడు దమ్ములకే అయిపోతుంది. బూడిద దులిపి మళ్లీ నింపాలి. వెదురు బొంగు పొగమసితో పూడుకుపోతే వీధిలో తిరిగే పనివాడు వచ్చి కొత్త బొంగు వేసిపోయేవాడు. కత్తి కట్టే హక్కు లేని పట్నపు పోకిరీలు ఇనుముతో పొడవాటి కిసెరులు చేయించుకుని కొట్లాటల్లో వాడుకున్నారు.

ఇంట్లో పొగ తాగడానికి తబాకోబోన్ అనే పళ్లెం ఉండేది. అందులో బూడిద నింపి నిప్పుకణిక పెట్టిన గిన్నె, బూడిద దులిపే వెదురు గొట్టం, పొగాకు దాచే చిన్న సొరుగులు. అతిథి రాగానే టీతో పాటు దీన్ని ముందు పెట్టడం మర్యాద. టీ సత్కారాల్లో దానికి నియమబద్ధమైన స్థానమే ఉంది. మంచి పళ్లేలకు ఉరుషి చెట్టు పాలతో పూత పూసి, అది తడిగా ఉండగానే బంగారు పొడి చల్లి బొమ్మలు తేల్చేవారు. ఇది ఏటికొప్పాక బొమ్మల లక్క వంటిది కాదు. అక్కడ లక్కపురుగు ఇచ్చే లక్కను తిరిగే కర్రకు వేడితో అద్దుతారు. ఉరుషి పాలు తేమగాలిలోనే గట్టిపడతాయి. అందుకే ఒక్కో పూతనూ తేమ ఉన్న పెట్టెలో ఆరబెట్టి, రుద్ది, మళ్లీ పూస్తారు. మంచి పళ్లేనికి నెలలు పట్టేది.

ఈ సరంజామాలో ప్రపంచాన్ని ఎక్కువగా ఆకట్టుకున్నది నెత్సుకే. దంతం, దుప్పికొమ్ము, గట్టి చెక్కలతో చేసేవారు. ఎలుక, పాము, ముసలి బిచ్చగాడు, పురాణపు దయ్యం, కప్ప, చీకిన చేపతల, ఏదైనా సరే వస్తువే. చెక్కేవాడికి మాత్రం కఠినమైన హద్దులున్నాయి. సాధారణంగా మూడు నాలుగు సెంటీమీటర్లలో ఇమడాలి. బట్టకు తగులుకునే పదును ఎక్కడా ఉండకూడదు. తాడు దూరే రెండు రంధ్రాలు బొమ్మను చెడగొట్టకుండా అమరాలి. నడుమున వేలాడేటప్పుడు ఏ వైపు తిరిగినా చూడదగ్గట్టుండాలి. కాబట్టి తోక కాళ్లలోకి చుట్టుకుంటుంది, చెయ్యి మోకాలిని కావలించుకుంటుంది, బొమ్మ తనలోకి తానే ముడుచుకుంటుంది. మంచి నెత్సుకేల్లో ఆ బిగువు హద్దుల నుంచే వచ్చింది. 1781లో ఒసాకాలో అచ్చయిన సోకెన్ కిషో అనే పుస్తకం యాభైకి పైగా నెత్సుకే శిల్పుల పేర్లను నమోదు చేసింది. బీదరులో కుండ చేసినవాళ్లలో ఎక్కువమంది పేర్లు మనకు దక్కలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో ఒజాకి కొకుసాయి వంటి తోక్యో అసకుసా పేట శిల్పులు దుప్పికొమ్ముతో చేసిన ఒరలకు కూడా పేరు తెచ్చుకున్నారు.

ఇంత చిన్న వస్తువుల మీద ఇంత ఖర్చు ఎందుకన్న ప్రశ్నకు షోగన్ల పాలన సాగిన ఎదో కాలపు ఆంక్షలు సమాధానమిస్తాయి. వర్తకులు తాహతుకు మించిన బట్టలు కట్టరాదని షోగను ప్రభుత్వం ఆంక్షలు పెట్టేది. డబ్బున్న వర్తకుడు బయటికి సాదా బట్ట కట్టి, నడుమున వేలాడే పిడికెడు వస్తువు మీద తన సంపదంతా గుమ్మరించాడు. డచ్చివాళ్లు తెచ్చిన బంగారు పూత తోలుతో సంచి చేయించడం అందులో ఒకటి. రైతులకూ కూలీలకూ చెక్కను తొలిచి చేసిన పొగాకు డబ్బాలే ఉండేవి. అవి వానకు తడవవు. ఇప్పుడు వాటిని ఇష్టపడి సేకరించేవాళ్లూ ఉన్నారు.

సంచి మూత మీది చిన్న లోహపు బిళ్ల, కిసెరు చివరలు కంసాలుల పని. ఇక్కడ జపానూ బీదరూ మళ్లీ కలుస్తాయి. రాగిలో కొద్దిపాటి బంగారం కలిపితే షకుదో అనే లోహం వస్తుంది. మామూలుగా చూస్తే రాగే. ఒక రకం రాగి చిలుం కలిపిన రసాయనపు నీటిలో ఉడకబెడితే నీలం కలిసిన నలుపుకు తిరుగుతుంది. రాగి మూడు పాళ్లకు వెండి ఒక పాలు కలిపిన షిబుఇచి అదే నీటిలో బూడిదరంగు పొందుతుంది. ఆ నలుపు మీద బంగారం, వెండి పొదుగుతారు. తుత్తునాగంలో కొంచెం రాగి, రాగిలో కొంచెం బంగారం. రెండుచోట్లా కొంచెంగా కలిపిన లోహమే నలుపును పిలుస్తుంది, పొదిగిన లోహం తన రంగు మార్చుకోదు. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారనడానికి ఆధారమేమీ లేదు. నలుపు మీద తెలుపు ఎంత బాగుంటుందో ఎవరికి వారు కనిపెట్టారనుకోవడమే సబబు.

షకుదో ఎక్కువగా కత్తి పిడుల పని. 1876లో, షోగన్ల తర్వాత వచ్చిన మెయిజీ ప్రభుత్వం బయట కత్తి ధరించడాన్ని నిషేధించింది. తరాలుగా కత్తి పిడులు, ఒరల అలంకారాలు చేసిన కంసాలులకు ఒక్క ఉత్తర్వుతో కొనేవాడు లేకుండా పోయాడు. వాళ్లలో చాలామంది కిసెరులకూ, పొగాకు సంచుల బిళ్లలకూ, ఎగుమతికి పనికొచ్చే కూజాలకూ మళ్లారు. పిడుల పనిలో పేరెన్నికగన్న కానో నత్సువో కొత్త ప్రభుత్వపు నాణేలకు నమూనాలు చెక్కాడు. మెయిజీ కాలపు పొగ సామాను ముచ్చటగొలపడానికి ఈ నిరుద్యోగం ఒక కారణం.

ఆ వెలుగు ఎంతో కాలం నిలవలేదు. 1890లలో క్యోతోకు చెందిన మురాయి సోదరులు కాగితపు సిగరెట్లను పెద్ద ఎత్తున అమ్మారు. 1904లో పొగాకు తయారీ ప్రభుత్వ గుత్తాధిపత్యంలోకి వెళ్లింది. పాశ్చాత్య దుస్తులతో పాటు జేబులు వచ్చాయి. జేబుంటే నెత్సుకేతో పనేముంది? పాతవాటిని విదేశీయులు గంపగుత్తగా కొనుక్కుపోయారు. 1942 నాటికి కిసెరు ముసలివాళ్ల వస్తువు. జపాను సైనికులకు అందేవి హొమారే వంటి సిగరెట్లు. కిసెరుల తయారీకి పేరున్న నీగాత ప్రాంతపు త్సుబమే ఊరు చెంచాలు, ఫోర్కుల తయారీకి మారి ఇప్పుడు వాటితో బతుకుతోంది. తోక్యోలో పొగాకు, ఉప్పు మ్యూజియం 1978లో తెరిచారు. ఈ సరంజామాను వరుసగా చూడాలంటే అదే సరైన చోటు.

హుక్కా కథా అంతే. బిద్రీ పని బతికింది, దర్బారు హుక్కా పోయింది. అదే నలుపు, అదే వెండి ఇప్పుడు పూలకూజాల మీద, పెట్టెల మీద, చివరికి పెన్ డ్రైవుల మీద కూడా కనిపిస్తాయి. 2006లో బిద్రీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023లో బీదరు కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ వచ్చింది. హుక్కా విషయానికొస్తే, 2024లో తెలంగాణ శాసనసభ హుక్కా పార్లర్లను నిషేధిస్తూ బిల్లు ఆమోదించింది.

పాత ఇళ్లలో అటక మీద ఇంకా బిద్రీ కుండలు దొరుకుతూనే ఉన్నాయి. వందేళ్లు దాటిన వస్తువు 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని వ్యక్తులు దేశం దాటించడం నేరం. దంతపు నెత్సుకే విషయంలో మరీ జాగ్రత్త అవసరం, భారతదేశంలో దంతపు వ్యాపారం ఎంత పాతదైనా చెల్లదు. సంతల్లో దంతమని చూపించేవి తరచుగా అచ్చులో పోసిన ప్లాస్టిక్కు బొమ్మలు. భూతద్దంలో చూస్తే పక్కన అచ్చు అతుకు గీత కనిపిస్తుంది. ఇంట్లో బిద్రీ కుండ ఉన్నవాళ్లకు ఒక మాట: ఇత్తడి చెంబులా దాన్ని చింతపండుతో తోమొద్దు. పులుపు తగిలితే నలుపు పోతుంది, దాన్ని తిరిగి తెప్పించడం ఇంట్లో అయ్యే పని కాదు. మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, ఎప్పుడైనా ఒక చుక్క కొబ్బరినూనె రాస్తే చాలు.